విఫలం కావాలని పలికిన ప్రవచనం

ఇటీవల ఒక సత్సంగంలో విన్న రెండు మాటలు ఈ వ్యాసానికి కారణం. వరదలో సర్వస్వం కోల్పోయిన ఒక ప్రాంతపు ప్రజల ప్రస్తావన వచ్చినప్పుడు, వయసులోను విద్యలోను పెద్దవారైన ఒకరు "అది వారి ప్రారబ్ధం, అనుభవించక తప్పదు" అని తేల్చివేశారు. పక్కనున్నవారు దానిని సమర్థిస్తూ, మన కర్మసిద్ధాంతం మాత్రమే కాదు, యూదుల ప్రాచీన ప్రవక్తలు సైతం ఇదే చెప్పారని, పాపులైన జనపదాల మీద అగ్ని కురుస్తుందని బెదిరించడమే వారి వృత్తి అని అన్నారు. సభలో ఎవరూ మారుపలుకలేదు. హారతి అయింది, ప్రసాదం పంచారు, అందరూ ఇళ్లకు వెళ్లారు. నేనూ మౌనంగానే వచ్చాను. ఆ మౌనానికి ప్రాయశ్చిత్తంగా ఇది వ్రాస్తున్నాను.

ఆ పెద్దలిద్దరూ ఏకకాలంలో రెండు సంప్రదాయాలకు అన్యాయం చేశారు. మన కర్మసిద్ధాంతానికి జరిగిన అన్యాయాన్ని తరువాత చూద్దాం. హీబ్రూ ప్రవక్తలకు జరిగినది మరింత ఘోరం. ఏ మనస్తత్వాన్ని ఖండించడానికి వారు ప్రాణాలొడ్డారో, ఆ మనస్తత్వానికే వారిని సాక్షులుగా నిలబెట్టారు.

మొదట శబ్దవిచారం. తెలుగు బైబిలులో 'ప్రవచనము' అంటే భవిష్యత్కథనమని మనలో పలువురి భావన. అదే పదం మన దేవాలయ మండపాలలో భాగవత ప్రవచనం, గీతా ప్రవచనం అన్నప్పుడు వేరే అర్థాన్ని ఇస్తుంది: శాస్త్రాన్ని జనుల ఎదుట నిలిచి చెప్పడం. చిత్రమేమంటే, హీబ్రూ మూలానికి మన మండపంలోని అర్థమే సమీపం. 'నబీ' అన్న పదానికి ప్రధానార్థం ఒకరి పక్షాన పలికేవాడు. నిర్గమకాండంలో మోషే తన నోరు మాంద్యం గలదని విన్నవించుకున్నప్పుడు, అతని సోదరుడు అహరోను అతనికి నబీగా ఉంటాడని దైవం నిర్ణయిస్తుంది. అహరోను చేయవలసిన పనిలో భవిష్యత్తును చూడడం లేదు; సోదరుని మాటను ఫరో ఎదుట పలకడమే ఉంది. నబీ దైవజ్ఞుడు కాడు. దైవవాక్కును మోసే వార్తాహరుడు. అతడు రేపటిని గురించి మాట్లాడితే, నేటిని మార్చడానికే మాట్లాడతాడు.

ఇది నా ఊహ కాదు. యిర్మియా గ్రంథం పద్దెనిమిదవ అధ్యాయంలో ప్రవక్త ఒక కుమ్మరి ఇంటికి పంపబడతాడు. సారె మీద పాత్ర చెడిపోతుంది. కుమ్మరి ఆ మట్టినే తీసుకొని మరొక పాత్ర చేస్తాడు. ఆ దృశ్యం నుండి ప్రవక్త గ్రహించిన నియమం అత్యంత స్పష్టం. ఒక జాతికి వినాశం ప్రకటింపబడిన పిదప ఆ జాతి దుష్కృత్యం నుండి మరలితే ఆ వినాశం నివర్తిస్తుంది. శుభం ప్రకటింపబడిన పిదప దుర్మార్గాన పడితే ఆ శుభమూ నివర్తిస్తుంది. అనగా ప్రతి ప్రవచనం వెనుక వ్యక్తమైనా అవ్యక్తమైనా 'అయితే' అన్న ఒక పదం ఉంది. జాతకం నిజమైతే జ్యోతిష్కునికి కీర్తి. ప్రవచనం అబద్ధమైతేనే ప్రవక్తకు సాఫల్యం.

దీనికి ఆ గ్రంథంలోనే న్యాయస్థాన ప్రమాణం వంటిది ఒకటి ఉంది. క్రీ.పూ. 609 ప్రాంతం, యెహోయాకీము రాజ్యారంభం. యెరూషలేము ఆలయం కూలిపోతుందని ఆలయ ప్రాంగణంలోనే నిలిచి పలికినందుకు యిర్మియాను పట్టుకొని, అతడు వధార్హుడని పురోహితులు తీర్పు కోరారు. అప్పుడు కొందరు వృద్ధులు లేచి ఒక పాత సంగతి గుర్తు చేశారు. సుమారు నూరేళ్ల క్రితం హిజ్కియా రాజు కాలంలో మీకా అనే పల్లెటూరి ప్రవక్త, ఇదే నగరం దున్నిన పొలంగా మారుతుందని పలికాడు. రాజు అతనిని చంపలేదు. భయభక్తులతో దైవాన్ని శరణు వేడాడు. విపత్తు తొలగింది. ఆ వృద్ధుల వాదంలోని సౌందర్యం గమనించండి. మీకా మాట నెరవేరలేదు కావున అతడు అబద్ధికుడని వారు అనలేదు. నెరవేరకపోవడమే అతని మాటకు ఫలమని ఎంచి, దానిని యిర్మియా ప్రాణరక్షణకు ప్రమాణంగా చూపారు. నెరవేరని ప్రవచనమే ఒక ప్రవక్త ప్రాణం నిలిపింది. అదే అధ్యాయంలో ఊరియా అనే మరొక ప్రవక్త ఉదంతం కూడా ఉంది. అదే మాట పలికి ఐగుప్తుకు పారిపోయిన అతనిని రాజు రప్పించి ఖడ్గానికి బలి ఇచ్చాడు. బెదిరించడం వారి వృత్తి అన్న మహాశయులు, ఆ వృత్తికి లభించిన వేతనం ఏమిటో ఒకసారి విచారించవలసింది.

ఇక అసలు ప్రశ్న: ఆ ప్రవక్తలు ఎవరి పాపాన్ని ఎత్తిచూపారు?

ఆమోసును తీసుకోండి. క్రీ.పూ. ఎనిమిదవ శతాబ్దం. దక్షిణాన యూదా రాజ్యంలోని తెకోవ గ్రామంలో పశువులు కాచుకుంటూ, మేడిపండ్లు సేకరించుకుంటూ ఉండిన వ్యక్తి. ఉత్తరాన ఇశ్రాయేలు రాజ్యం రెండవ యరొబాము పాలనలో సిరిసంపదలతో తులతూగుతున్న కాలంలో అతడు అక్కడి బేతేలు పుణ్యక్షేత్రానికి వెళ్లి నోరు విప్పాడు. గ్రంథంలో అతని ప్రసంగాలకు ఉన్న ఆరంభం చూడండి. దమస్కు చేసిన క్రూరకర్మకు శిక్ష తప్పదంటాడు. వినేవారికి దమస్కు శత్రువు, ఆనందం. తరువాత గాజా, తరువాత తూరు, ఎదోము, అమ్మోను, మోయాబు. చుట్టూ ఉన్న ఒక్కొక్క పరజాతి పాపం చదువుతుంటే సభ తలలూపుతూనే ఉంటుంది. ఏడవది యూదా, అతని స్వదేశం. ఇశ్రాయేలు శ్రోతలకు అదీ ఇంపే. దాయాదుల దోషం ఎవరికి చేదు? ఎనిమిదవసారి వేలు తిరిగి సభ మీదికే వస్తుంది. జోడు చెప్పుల వెలకు పేదవాడిని అమ్మినవారు మీరు; తాకట్టు పెట్టుకున్న పేదవాని వస్త్రాలను పరచుకొని వేదిక పక్కనే పవళించినవారు మీరు; అమావాస్య పండుగ ఎప్పుడు ముగుస్తుందా, దొంగ త్రాసుతో ధాన్యం ఎప్పుడు అమ్ముకుందామా అని పూజలో కూర్చుని లెక్కవేసినవారు మీరు. ఇదీ అతని అభియోగపత్రం. పైగా, దైవం మిమ్మల్ని ప్రత్యేకంగా ఎన్నుకున్నది కావున మీకు మినహాయింపు లేదు, మీకే ముందు శిక్ష అంటాడు. ఆ క్షేత్రపు ప్రధానార్చకుడు అమజ్యాకు ఇది మింగుడుపడలేదు. మీ ఊరికి పోయి అక్కడ ప్రవచనాలు చెప్పుకొని పొట్టపోసుకో అని గద్దించాడు. తాను ప్రవక్తనూ కాను, ప్రవక్త శిష్యుడనూ కానని, మంద వెనుక నడుస్తున్నవాడిని పిలిచి పంపారని ఆమోసు బదులిచ్చాడు.

మన సత్సంగంలో వరదబాధితుల ప్రారబ్ధాన్ని తేల్చిన మాట, ఆమోసు జాబితాలో ఏడవ పేరు దగ్గరే ఆగిపోయిన మాట. పరుల పేర్లన్నీ చదివి, తన పేరు రాకముందే గ్రంథం మూసివేయడం.

ఒక సత్యాన్ని దాచను. పరజాతుల పతనాన్ని ఉత్సాహంతో వర్ణించిన ప్రకరణాలు ఆ గ్రంథాలలో లేకపోలేదు. నహూము గ్రంథం ఆద్యంతం నీనెవె వినాశనమే. వాటిని మాత్రమే ఏరుకొని ఆయుధాలుగా వాడినవారు పాశ్చాత్య దేశాలలో ఉన్నారు. ప్రతి యుద్ధానికి, ప్రతి భూకంపానికి ఒక వచనాన్ని తగిలించి తేదీలు ప్రకటించేవారూ ఉన్నారు. ప్రవచనాన్ని పంచాంగం చేసిన వారిపట్ల నాకు గౌరవం లేదు. కాని వారి దోషాన్ని చూపి మూలాన్ని తిరస్కరించడం, కుహనా స్వాములను చూపి ఉపనిషత్తులను తిరస్కరించడం వంటిదే.

ఆమోసు గ్రంథం భూకంపానికి రెండేళ్ల ముందు అన్న కాలనిర్దేశంతో మొదలవుతుంది. ఆ ప్రకంపనం ఎంత ఘోరమైనదంటే, ఎన్నో తరాల తరువాతి జెకర్యా గ్రంథం కూడా దానిని జ్ఞాపకం చేసుకుంది. ఇక్కడ మన దేశపు ఒక వాదాన్ని స్మరించక తప్పదు. 1934 జనవరి 15న బీహారును మహాభూకంపం కుదిపివేసింది. అప్పుడు దక్షిణాదిలో హరిజనయాత్ర చేస్తున్న గాంధీజీ, ఇది అస్పృశ్యత అనే మన పాపానికి దైవదండనమని పలికారు. రవీంద్రనాథ ఠాకూరు తీవ్రంగా ఆక్షేపించారు. భౌతిక విపత్తులకు భౌతిక కారణాలే ఉంటాయని, నైతిక నియమాన్ని విశ్వప్రకంపనతో ముడిపెట్టడం అయుక్తమని, ఇదే తర్కంతో ప్రతిపక్షులు గాంధీజీ ఉద్యమమే ఈ దైవాగ్రహానికి మూలమని అనవచ్చునని ఆయన వాదించారు. ఆ ఆక్షేపణను గాంధీజీ తన 'హరిజన్' పత్రికలోనే ప్రచురించి సమాధానం వ్రాశారు.

ఎవరిది ఒప్పు? భూమి ఎందుకు కంపిస్తుందన్న విషయంలో నిస్సంశయంగా ఠాకూరుదే. కాని గాంధీజీ మాటలో ఒక సూక్ష్మం ఉంది, దానిని ఆయన విమర్శకులలో పలువురు చూడలేదు. ఆయన బీహారు ప్రజలను వేలెత్తి చూపలేదు. పాపం 'మనది' అన్నారు. సవర్ణ సమాజాన్ని, అందులో తనను కలుపుకొని, దోషిగా నిలబెట్టారు. హీబ్రూ ప్రవక్త వ్యాకరణం అదే: ఉత్తమపురుష. వరదలో మునిగినవారిని ప్రథమపురుషలో 'వారు' అని చెప్పి, వారి ప్రారబ్ధాన్ని విశ్లేషించేవాడు గాంధీజీ పక్షాన లేడు, ఠాకూరు పక్షాన లేడు, ఆమోసు పక్షాన అసలే లేడు.

మరి కర్మసిద్ధాంతం? కర్మగతి గహనమని గీత స్వయంగా హెచ్చరిస్తున్నది. గహనమైనదానిని ఇతరుల ఇంటి ముంగిట నిలబడి చదివి వినిపించే అధికారం మనకు ఎవరిచ్చారు? కర్మసిద్ధాంతం సాధకునికి తన విషయంలో ధైర్యాన్నీ బాధ్యతనూ ఇచ్చే దర్శనం. దానిని పరుల దుఃఖం మీద ప్రయోగించినప్పుడు అది దర్శనం కాదు, కరుణ చూపకుండా తప్పించుకునే ఉపాయం. ఎదుటివాడి బాధను తీర్చడం నా ప్రస్తుత ధర్మం. దాని పూర్వజన్మ కారణాన్ని నిర్ణయించడం నా పని కాదు.

ఇక్కడ వేదాంతపక్షం నుండి గంభీరమైన ఆక్షేపణ ఒకటి వస్తుంది. దానిని తప్పించుకోవడం న్యాయం కాదు. హీబ్రూ దైవం కోపిస్తాడు, శిక్ష విధిస్తాడు, మనసు మార్చుకుంటాడు. నిర్వికారుడైన ఈశ్వరునికి ఇది ఎట్లా పొసగుతుంది? పశ్చాత్తాపం చూసి కరిగేవాడు నిన్న అజ్ఞాని అయినా కావాలి, నేడు పక్షపాతి అయినా కావాలి.

ఈ చిక్కు హీబ్రూ గ్రంథాలకు తెలియనిది కాదు. సమూయేలు మొదటి గ్రంథం పదిహేనవ అధ్యాయంలో, సౌలును రాజుగా చేసినందుకు దైవం పరితపించినట్లు చెప్పిన చోటనే, దైవం మనిషి వలె మనసు మార్చుకొనేవాడు కాడనీ చెప్పబడింది. రెండు వాక్యాలనూ పక్కపక్కనే ఉంచి, ఏదీ చెరపకుండా వదిలిన సంకలనకర్తల సాహసం నాకు నచ్చుతుంది. మన వైపు చూస్తే, బ్రహ్మసూత్రాల రెండవ అధ్యాయంలో ఈశ్వరునికి వైషమ్య నైర్ఘృణ్య దోషాలు అంటుతాయా అన్న విచారణ ఉంది. వర్షం అన్ని విత్తనాలకు సాధారణ కారణమే, మొలకలోని భేదం విత్తనానిదే అని శంకరుల సమాధానం. గీత తొమ్మిదవ అధ్యాయ భాష్యంలో వారు మరొక దృష్టాంతం ఇచ్చారు. అగ్నికి ఎవరి మీదా ద్వేషం లేదు. దూరాన ఉన్నవానికి చలి పోదు, దగ్గరకు వచ్చినవానికి పోతుంది. మారినది అగ్ని కాదు, దూరం.

ఈ దృష్టాంతాన్ని పట్టుకొని హీబ్రూ పదాన్ని చూడండి. పశ్చాత్తాపానికి వారు వాడే పదం 'తెషూవా'. దాని ధాతువు 'షూవ్'. అర్థం తిరిగి రావడం, వెనుదిరగడం. కన్నీరు కార్చడం కాదు, తనను తాను నిందించుకోవడం కాదు. పాదాల దిశ మార్చడం. ఆమోసు నాల్గవ అధ్యాయంలో కరువు, అనావృష్టి, మిడతలు, తెగులు, యుద్ధం అని విపత్తులన్నీ వరుసగా వస్తాయి. ప్రతి అంకం చివర, ఇంత జరిగినా మీరు నా వైపు తిరగలేదన్న వేదన ఐదుసార్లు ప్రతిధ్వనిస్తుంది. అందులో కోపం కన్నా నిరీక్షణ ఎక్కువ వినబడుతుంది నాకు. సాయంకాలం దాటినా ఇంటికి రాని బిడ్డ కోసం గుమ్మంలో నిలబడిన తల్లి కేకలో కోపమూ ఉంటుంది. దానిని కోపమని మాత్రమే వినేవాడు చెవులున్న చెవిటివాడు.

తిరిగి రావడం అంటే ఏమిటన్న విషయంలో ఆ ప్రవక్తలు ఎవరినీ వదలలేదు, ఆలయాన్ని కూడా. యిర్మియా ఆలయ ద్వారంలో నిలిచి, ఇది దైవమందిరం, దైవమందిరం, దైవమందిరం అని ముమ్మారు జపించి నిశ్చింతగా ఉన్న జనాన్ని నిలదీశాడు. పరదేశిని, అనాథను, వితంతువును పీడించి వచ్చి ఇక్కడ నిలబడితే రక్షణ దొరుకుతుందా? అట్లా నమ్మినవారికి ఈ మందిరం దొంగల గుహ మాత్రమే. షిలోహులోని పూర్వక్షేత్రానికి ఏ గతి పట్టిందో వెళ్లి చూసి రండి. యోవేలు, మిడతల దండు దేశాన్ని నున్నగా కోసివేసిన వేళ, వస్త్రాలు చించుకునే శోకాచారాన్ని విడిచి హృదయాన్ని చీల్చుకోమన్నాడు. యెషయా గ్రంథం యాభై ఎనిమిదవ అధ్యాయం, ఉపవాసం ఉండి అదే రోజు పనివారిని పీడించేవారిని ఉద్దేశించి, ఆకలిగొన్నవానికి అన్నం పెట్టడమే దైవం కోరిన ఉపవాసమని చెబుతుంది.

ఈ మాటలు చదువుతున్నప్పుడు నాకు మన ఏకాదశులు, మన శివరాత్రులు గుర్తుకు రాకుండా ఉండవు. జాగరణ చేసిన మరునాడు పనిమనిషి జీతంలో సెలవుల కోత లెక్కించే గృహాలు నాకు తెలుసు. మా ఇల్లు అందులో ఎన్నడూ లేదని ప్రమాణం చేయలేను. ప్రాయశ్చిత్తాన్ని విధించిన మనుస్మృతి పదకొండవ అధ్యాయమే, చేసిన తప్పును నలుగురిలో చెప్పుకోవడాన్ని, అనుతాపాన్ని, మళ్లీ చేయనన్న నివృత్తిని శుద్ధికి మార్గాలుగా పేర్కొన్నది. మనం దక్షిణను ఉంచుకొని నివృత్తిని వదిలేశాం.

యూదు ధర్మసంహిత అయిన మిష్నాలో ఉపవాసాలను గూర్చిన 'తానీత్' అనే ప్రకరణం ఉంది. వానలు లేని సంవత్సరంలో వీధిలోకి ధర్మపేటికను తెచ్చి, దాని మీద, పెద్దల తలల మీద బూడిద చల్లి ఉపవాసం పాటించేటప్పుడు, సభలోని వృద్ధుడు జనానికి ఏమి చెప్పాలో అందులో నిర్దేశించారు. నీనెవె ప్రజల గోనెపట్టలను గాని ఉపవాసాన్ని గాని దైవం చూసినట్లు గ్రంథంలో లేదు, వారు చెడుమార్గం నుండి మరలిన క్రియలను చూసినట్లు ఉన్నది అని ఆయన గుర్తుచేయాలి. బూడిద పూసుకొని కూర్చున్నవారికి, బూడిద చాలదని చెప్పే వాక్యాన్ని ఆ కర్మకాండలోనే భాగం చేశారు. ఇంతటి ఆత్మవిమర్శను తన పూజావిధిలో చేర్చుకున్న సంప్రదాయాన్ని బెదిరింపుల మతమని కొట్టివేయడం అవివేకం.

నీనెవె అన్నాం కనుక యోనా దగ్గరకు రాక తప్పదు. మన పిల్లలకు కూడా తెలిసిన కథ, పెద్దచేప వలన. చేప ఆ కథలో అల్పాంశం. నీనెవె అష్షూరు సామ్రాజ్యపు మహానగరం. ఆ అష్షూరు సేనలే క్రీ.పూ. 722లో ఇశ్రాయేలు రాజధాని షోమ్రోనును వశపరచుకొని జనాన్ని చెరపట్టుకుపోయాయి. ఈ కథ విన్న యూదులకు నీనెవె అంటే తమ పూర్వులను నాశనం చేసిన పేరు. అక్కడికి వెళ్లి హెచ్చరించమని యోనాకు ఆజ్ఞ. అతడు వ్యతిరేక దిశలో తర్షీషుకు ఓడ ఎక్కాడు. భయం వలన కాదు. కారణం చివర అతనే ఒప్పుకుంటాడు. దైవం దయాళువని, శత్రువు మారితే క్షమిస్తాడని తనకు ముందే తెలుసునట! అందుకే పారిపోయాడు. చివరికి వెళ్లి, నలభై రోజులలో నగరం తలక్రిందులవుతుందని ప్రకటించాడు. ఆ హీబ్రూ క్రియాపదానికి కూలిపోవడమనీ, పూర్తిగా మారిపోవడమనీ రెండర్థాలూ వస్తాయి. రాజు సింహాసనం దిగి బూడిదలో కూర్చున్నాడు. పశువులకు కూడా గోనెపట్టలు కట్టారు. ప్రతివాడూ తన చేతిలోని హింసను విడవాలని శాసనం చేశాడు. నగరం నిలిచింది. ప్రవచనం ఒక అర్థంలో తప్పింది, మరొక అర్థంలో అక్షరాలా నెరవేరింది.

ప్రవక్తలందరిలో ఇంత త్వరగా, ఇంత సంపూర్ణంగా సఫలుడైనవాడు లేడు. అతడు మాత్రం మండిపడ్డాడు. నగరానికి తూర్పున పందిరి వేసుకొని, ఇంకా ఏమైనా కూలుతుందేమోనని కూర్చున్నాడు. నీడనిచ్చిన తీగ ఒక రాత్రిలో ఎండిపోతే చచ్చిపోతానన్నాడు. ఒక తీగ కోసం నీవు ఇంత దుఃఖిస్తే, కుడిఎడమలు తెలియని లక్షా ఇరవై వేలకు పైగా ప్రజలూ, అసంఖ్యాకమైన పశువులూ ఉన్న నగరం కోసం నేను దుఃఖించవద్దా అని దైవం అడిగిన ప్రశ్నతో గ్రంథం ఆగిపోతుంది. యోనా సమాధానం వ్రాయబడలేదు. యూదులు తమ మహోపవాస దినమైన యోమ్ కిప్పూరు నాడు, అపరాహ్ణ ప్రార్థనలో ఈ గ్రంథాన్ని మొత్తం చదువుతారు. తమ పాపక్షమాపణ కోసం కూడిన రోజున, తమ శత్రువులు క్షమింపబడిన కథను వింటారు.

సత్సంగంలోని ఆ ఇద్దరు పెద్దలూ పందిరి క్రింద కూర్చున్న యోనాలు. నేను మాట్లాడకుండా లేచి వచ్చినవాడిని కనుక, పందిరికి నేనూ ఒక గుంజనే.

ఆశ విషయం మిగిలింది. విపత్తు ముంచుకు వచ్చినప్పుడు ఆశను పంచేవారు ఎప్పుడూ ఉంటారు, వారికి ఆదరణా ఎక్కువే. క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేమును లొంగదీసుకొని, రాజును, ఆలయ పాత్రలను, వేలమందిని పట్టుకుపోయాడు. కొన్నేళ్లకు హనన్యా అనే ప్రవక్త ఆలయంలో నిలిచి, రెండేళ్లలో అందరూ తిరిగి వస్తారని, పాత్రలు కూడా వస్తాయని చాటాడు. బబులోనుకు లొంగి ఉండడం తప్పదన్న గుర్తుగా యిర్మియా తన మెడ మీద మోస్తున్న కొయ్యకాడిని లాగి విరగగొట్టాడు. జనం ముందు యిర్మియా మొదట ఏమన్నాడో తెలుసా? తథాస్తు, నీ మాటే నిజం కావాలి అన్నాడు. తన వాదం గెలవాలని కోరనివాడే ఆ మాట అనగలడు. ఆ పిదపే, కొయ్యకాడి స్థానంలో ఇనుపకాడి వస్తుందన్న కఠోరసత్యాన్ని చెప్పాడు. చెరలో ఉన్నవారికి వ్రాసిన లేఖలోనూ తేలిక ఆశ ఇవ్వలేదు: ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లల పెళ్లిళ్లు చేయండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ నగరపు క్షేమం కోసం ప్రార్థించండి.

నాడు యూదా సింహాసనం మీద ఉన్న సిద్కియా రాజును తలచుకుంటే నాకు ధృతరాష్ట్రుడు గుర్తుకు వస్తాడు. అతడు యిర్మియాను చెరలో ఉంచి, రహస్యంగా పిలిపించుకొని, దైవవాక్కు ఏమైనా వచ్చిందా అని అడిగేవాడు. విని, తన అధికారులకు భయపడి, ఏమీ చేసేవాడు కాడు. విదురుని మాట ప్రతిదీ నిజమేనని ఒప్పుకుంటూ ఒక్కటీ ఆచరించని హస్తినాపుర ప్రభువు ఇతడే కాడూ? ఒకడు పుట్టుకతో అంధుడై నూరుగురు కొడుకులను పోగొట్టుకున్నాడు. మరొకనికి కళ్లెదుటే కొడుకుల వధ చూపించి, ఆ తరువాత కళ్లు పెరికివేశారు.

క్రీ.పూ. 586లో నగరం కూలింది, ఆలయం దగ్ధమైంది. పసిపిల్లలు ఆకలికి వీధులలో ఒరిగిపోయారని విలాపవాక్యాల గ్రంథం ఏడుస్తుంది. ఆ పిల్లలు చేసిన పాపమేమిటి? ఈ ప్రశ్నకు ప్రవక్తల దగ్గర నున్నటి సమాధానం లేదు, ఉన్నట్లు నటించనూ లేదు. తండ్రులు పుల్లని ద్రాక్షలు తింటే పిల్లల పళ్లు పులిశాయన్న సామెతను ఇక ఎవరూ పలకరాదని యెహెజ్కేలు చెరలోని జనానికి చెప్పాడు. దుష్టుని మరణం కూడా దైవానికి ప్రీతికరం కాదని, అతడు మరలి బ్రతకడమే ప్రీతికరమని అన్నాడు. విలాపవాక్యాల చివరి వాక్యం, మమ్మల్ని పూర్తిగా విడిచావా అన్న భయంతో ముగుస్తుంది. నేటికీ యూదులు ఆలయ విధ్వంసదినాన దానిని చదివేటప్పుడు అక్కడ ఆగరు. దాని ముందరి వాక్యాన్ని, తిరిగి రప్పించమని వేడుకునే వాక్యాన్ని, మరొకసారి చదివి ముగిస్తారు. గ్రంథంలో ఒక్క అక్షరం మార్చలేదు. చదివే పద్ధతిలో మాత్రం ఆ భయాన్ని చివరి మాటగా ఉండనివ్వలేదు.

నగరం కూలడానికి ముందు సంవత్సరం, ముట్టడి సాగుతుండగా, చెరసాల ఆవరణలో ఉన్న యిర్మియా వద్దకు పినతండ్రి కుమారుడు హనమేలు వచ్చాడు. అనాతోతులోని తన పొలాన్ని కొనమన్నాడు. జ్ఞాతిగా ఆ హక్కు యిర్మియాదే. బబులోను సేనలు చుట్టుముట్టిన దేశంలోని పొలం. దానికి వెల కట్టే మూఢుడు ఆ నగరంలో ఇంకెవరూ ఉండరు. దేశం నాశనమవుతుందని నలభై ఏళ్లుగా చెబుతున్న వ్యక్తే 17 షెకెళ్ల వెండి తూచి ఇచ్చాడు. సాక్షుల చేత సంతకాలు చేయించాడు. ముద్ర వేసిన ప్రతిని, ముద్ర వేయని ప్రతిని రెండింటినీ లేఖకుడు బారూకుకు ఇచ్చి, చాలాకాలం పాడవకుండా మట్టికుండలో భద్రపరచమన్నాడు. ఆ తరువాత ఒంటరిగా ప్రార్థనలో కూర్చొని, నగరం శత్రువు వశమవుతుండగా నన్నెందుకు పొలం కొనమన్నావని దైవాన్నే అడిగాడు. ఈ దేశంలో మళ్లీ పొలాలు కొంటారు, పత్రాలు వ్రాస్తారు అన్నది అతనికి వచ్చిన జవాబు.

ఆ పొలాన్ని అతడు అనుభవించలేదు. పతనం తరువాత మిగిలిన జనం, అతడు వద్దన్నా వినక, అతనిని బారూకుతో సహా ఐగుప్తుకు తీసుకుపోయారు.